పీటర్ ఐరెడేల్ ఓడ శిథిలం చూడబోయేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పోర్ట్‌లాండ్, బీవర్టన్, హిల్స్‌బరో ప్రాంతాల తెలుగువాళ్లు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే సముద్రం చూపించడానికి తీసుకెళ్లే చోట్లలో ఒరెగాన్ వాయవ్య మూలనున్న ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్క్ ఒకటి. అక్కడి ఇసుకలో 1906 నుంచి కూరుకుపోయి ఉన్న ఓడ గురించి ఏటా అవే సందేహాలు వస్తుంటాయి. వాటికి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

అక్కడ ఇంకా ఏం మిగిలి ఉంది? ఓడ మొత్తం కనిపిస్తుందా?

మొత్తం కనిపించదు. ఓడ ముందుభాగం అస్థిపంజరంలా నిలబడి ఉంటుంది. దాని వెనక ఇసుకలోంచి పొడుచుకొచ్చిన ఇనుప పక్కటెముకలు, విరిగిన తెరచాప స్తంభాల మొదళ్లు ఉంటాయి. ఒకప్పుడు దీని పొడవు 285 అడుగులు, అంటే దాదాపు 87 మీటర్లు. ముందుభాగం దగ్గర నిలబడి ఇసుకలో వరసగా తేలిన ఊచల వెంట చూపు సాగిస్తే ఆ పొడవు అర్థమవుతుంది. ఆ వరస నీళ్లలో మునిగి ఉన్నప్పుడు వెళ్తే తుప్పు పట్టిన ఇనుప గూడు ఒక్కటే కనిపిస్తుంది. "ఇంతేనా" అనుకుని తిరిగొచ్చేవాళ్లలో ఎక్కువమంది అలాంటి వేళకు వెళ్లినవాళ్లే.

ఈ ఓడ ఎవరిది? ఒడ్డుకు ఎలా కొట్టుకొచ్చింది?

1890లో ఇంగ్లండ్‌లోని మేరీపోర్ట్‌లో కట్టిన నాలుగు స్తంభాల ఉక్కు తెరచాప ఓడ ఇది. లివర్‌పూల్‌కు చెందిన ఐరెడేల్ అండ్ పోర్టర్ కంపెనీది. ఆ యజమానుల్లో ఒకరి పేరే ఓడకు పెట్టారు.

1906 సెప్టెంబరు చివర్లో మెక్సికోలోని సలీనా క్రూజ్ నుంచి పోర్ట్‌లాండ్‌కు బయలుదేరింది. అక్కడ గోధుమలు ఎక్కించుకోవాలి. వచ్చేటప్పుడు సరుకు లేదు, నిలకడ కోసం అడుగున వేసుకున్న వెయ్యి టన్నుల బరువు మాత్రమే ఉంది. దొంగచాటుగా ఎక్కిన ఇద్దరితో కలిపి ఓడలో 27 మంది. అక్టోబరు 25 తెల్లవారుజామున 3 గంటల 20 నిమిషాల ప్రాంతంలో కెప్టెన్ హెచ్. లారెన్స్‌కు టిల్లమూక్ రాక్ లైట్‌హౌస్ వెలుగు కనిపించింది. అక్కడి నుంచి కొలంబియా నది ముఖద్వారం వైపు మళ్లారు. దట్టమైన పొగమంచు, పోటెక్కుతున్న సముద్రం, పడమటి నుంచి బలమైన గాలి. ఒడ్డు మరీ దగ్గరైందని తెలిసి ఓడను తిప్పబోయారు. అంతలో వాయవ్యం నుంచి వచ్చిన ఉధృతమైన గాలిదెబ్బకు అది క్లాట్సాప్ ఇసుకతిన్నెల మీద కూర్చుండిపోయింది. ఆ ఊపుకు మూడు స్తంభాలు విరిగాయి.

ఇంజను లేని ఓడ, లోపల సరుకు లేక నీటిపైకి ఎక్కువగా తేలి గాలికి ఒళ్లంతా అప్పగించిన ఓడ, అలాంటి చోట తిరగడానికి జాగా చాలదు. దగ్గర్లోని ఆస్టోరియా పట్టణంలో విచారణ జరిపిన బ్రిటిష్ నావికా న్యాయస్థానం కెప్టెన్‌నూ సిబ్బందినీ తప్పుపట్టలేదు.

ఎవరైనా చనిపోయారా?

లేదు. హ్యామండ్ నుంచి లైఫ్‌బోటు వెళ్లి అందరినీ ఒడ్డుకు చేర్చింది. పక్కనే ఉన్న ఫోర్ట్ స్టీవెన్స్ సైనిక స్థావరంలో వాళ్లను చూసుకున్నారు.

పెద్దగా దెబ్బతినని ఓడను మళ్లీ సముద్రంలోకి ఎందుకు లాగలేదు?

లాగాలనే అనుకున్నారు. ఓడ అడుగుభాగం చాలావరకు బాగానే ఉంది. సముద్రం నెమ్మదించాక లాగుదామని వారాల తరబడి ఎదురుచూశారు. ఆ ఎదురుచూపే కొంప ముంచింది. అల వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఓడ కింది ఇసుకను కోస్తుంది, ఓడ ఇంకాస్త దిగుతుంది, పక్కన మళ్లీ ఇసుక పేరుకుంటుంది. అలా ఎడమ పక్కకు ఒరిగి, లాగడానికి వీల్లేనంతగా పాతుకుపోయింది. ఆ తర్వాత తుక్కు కింద అమ్మేసి, పనికొచ్చే లోహం చాలావరకు కోసుకుపోయారు.

వైజాగ్ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకొచ్చిన ఓడ లాంటిదేనా?

కారణంలో పోలిక ఉంది. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు బంగ్లాదేశ్ సరుకు ఓడ 'మా' తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కింది. అందులోని 15 మందీ క్షేమంగా బయటపడ్డారు. రెండూ గాలి తోసుకొచ్చిన ఓడలే. చూపులో మాత్రం పోలిక లేదు. అక్కడ రాళ్ల మధ్య నిలువెత్తు ఓడను చూశారు. ఇక్కడున్నది ఇసుక, ఉప్పునీరు వందేళ్లకు పైగా తినగా మిగిలిన చట్రం.

టికెట్ ఎంత?

ఓడకు టికెట్ లేదు, బీచ్‌కూ లేదు. 1967 నాటి బీచ్ చట్టం ప్రకారం ఒరెగాన్ తీరమంతా ప్రజలకు తెరిచే ఉంటుంది. స్టేట్ పార్కులో కారు పెట్టడానికి మాత్రం రోజువారీ పర్మిట్ ఉంటుంది. ఈ రేట్లు ఈమధ్య పెరిగాయి, ఇతర రాష్ట్రాల నంబరు ప్లేటు ఉంటే ఇంకాస్త ఎక్కువ. బయలుదేరే ముందు పార్కు వెబ్‌సైటులో ఆ రోజు రేటు చూసుకోండి, లోపలికి వెళ్లాక బోర్డు కూడా చదవండి. ఏడాదిలో నాలుగైదు స్టేట్ పార్కులు తిరిగే కుటుంబమైతే వార్షిక పాసే మేలు.

## తేదీ, వేళ చూసుకునేటప్పుడు

ఆటుపోట్లు నిజంగా చూసుకోవాలా? బీచ్ కదా, ఎప్పుడు వెళ్లినా ఒకటే కాదా?

ముందు చూసుకోవలసింది అదే. వాతావరణం తర్వాతి సంగతి. పోటు మీద ఉన్నప్పుడు అలలు ఓడ చుట్టూ తిరుగుతాయి, దగ్గరికి పోలేరు. ఆటు వేళ అదే ఓడ చుట్టూ గట్టి తడి ఇసుక మీద తీరిగ్గా తిరగొచ్చు.

ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. అవి సమానంగా ఉండవు. పెద్ద పోటు 7 నుంచి 9 అడుగుల దాకా వెళ్తుంది. ఆటు 3 అడుగుల దగ్గర ఆగిపోవచ్చు, సున్నా కంటే కిందికీ దిగొచ్చు. పట్టికలో ఆటు 2 అడుగులు లేదా అంతకంటే తక్కువ చూపిస్తున్న రోజును ఎంచుకోండి. ఆ సమయానికి గంట, గంటన్నర ముందే ఓడ దగ్గర ఉండండి. నీళ్లు వెనక్కి పోతున్నప్పుడు చూడటం హాయి, క్షేమం కూడా. ఆటు సమయం దాటి అరగంట గడిచాక సముద్రానికీ ఓడకూ మధ్య నిలబడకండి.

ఆటుపోట్ల పట్టిక ఎక్కడ దొరుకుతుంది? ఎలా చదవాలి?

అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. చాలామంది 'ఆస్టోరియా' అని వెతికి మొదట వచ్చిన టంగ్ పాయింట్ పట్టిక తీసుకుంటారు. టంగ్ పాయింట్ నది లోపలికి ఉంటుంది, సముద్రపు ఒడ్డున మారిన నీరు అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. ఆ పట్టిక నమ్ముకుని వెళ్తే నీరు తిరిగొస్తున్న వేళకు ఓడ దగ్గరుంటారు. కొలంబియా నది ముఖద్వారం దగ్గరి కేంద్రం తీసుకోండి.

పట్టికలో తేదీ, సమయం, ఎత్తు అడుగుల్లో ఉంటాయి. ఎత్తు ముందు మైనస్ గుర్తుంటే నీరు మామూలు కంటే బాగా వెనక్కి పోతుందని అర్థం. కొన్ని పట్టికలు వేసవి గంటల మార్పును లెక్కలోకి తీసుకోవు, పైన ఏ కాలమానం రాశారో చూడండి. ఈ సమయాలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. శనివారానికి చూసుకున్నది ఆదివారం పనికిరాదు.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

అమ్మానాన్నలు, చిన్నపిల్లలు ఉంటే జూలై నుంచి సెప్టెంబరు. వాన తక్కువ, పగలు ఎక్కువ. అప్పుడు కూడా పగటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ చుట్టూనే ఉంటుంది. హిల్స్‌బరోలో 35 డిగ్రీలు మండుతున్న రోజున ఇక్కడ స్వెటర్ కావాలి. ఉదయం పొగమంచు కమ్మి పదకొండు దాకా విడవకపోవచ్చు, మధ్యాహ్నం నుంచి వాయవ్య గాలి లేస్తుంది. వసంతం, వేసవిలో బాగా కిందికి దిగే ఆట్లు పొద్దున్నే వస్తాయి కాబట్టి చీకటితోనే ఇంట్లోంచి బయలుదేరడం మంచిది.

ఓడ భాగాలు ఎక్కువగా చూడాలనుకునేవాళ్లకు చలికాలం మేలు. చలికాలపు అలలు బీచ్ మీది ఇసుకను కోసుకుపోతాయి, పక్కటెముకలు ఎక్కువ తేలతాయి. వేసవిలో నెమ్మదైన అలలు ఆ ఇసుకను తిరిగి తెచ్చి పోస్తాయి. అందుకే ఒకరి ఫొటోలో ఉన్న ఊచ ఇంకొకరి ఫొటోలో ఉండదు.

సూర్యాస్తమయం, ఆటు రెండూ కలిసొచ్చేలా వెళ్లగలమా?

వెళ్లగలరు, వేసవిలో మాత్రం కష్టం. జూన్‌లో సూర్యుడు రాత్రి 9 దాటాక అస్తమిస్తాడు, ఆ కాలంలో సాయంత్రం వచ్చే ఆటు సాధారణంగా లోతుగా దిగదు. నవంబరు నుంచి జనవరి దాకా లోతైన ఆట్లు సాయంత్రం పూట వస్తాయి, సూర్యాస్తమయం నాలుగున్నర, ఐదింటికి. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పట్టిక చూసి, ఆకాశం తెరిపిచ్చిన రోజు దొరికితే వదలకండి. ఈ తీరంలో చలికాలపు తెరిపి తరచుగా దొరకదు. ఒక తేదీ తప్పిపోతే రెండు వారాల తర్వాత దాదాపు అదే వరస మళ్లీ వస్తుంది.

సముద్రం ఉగ్రంగా ఉందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

వాన లేదంటే సముద్రం నెమ్మదిగా ఉందని కాదు. వేల మైళ్ల అవతలి తుపాను అలలు ఎండ కాసే రోజున కూడా ఇక్కడికి చేరతాయి. జాతీయ వాతావరణ సేవ పోర్ట్‌లాండ్ కార్యాలయం పేజీలో తీర ప్రమాద హెచ్చరిక ఉందేమో చూడండి. సముద్ర సూచనలో అలల ఎత్తు 10 అడుగులు దాటి ఉంటే ఆటు వేళైనా ఇసుక దిబ్బ మీది నుంచే చూసి రావడం మంచిది.

## సర్దుకునేటప్పుడు, దారిలో

హిల్స్‌బరో నుంచి ఎలా వెళ్లాలి? ఎంతసేపు పడుతుంది?

యూఎస్-26 మీద పడమటికి, సముద్రం దగ్గర యూఎస్-101 కలిశాక ఉత్తరానికి. సీసైడ్, గేర్‌హార్ట్ దాటి వారెన్‌టన్ చేరాక ఫోర్ట్ స్టీవెన్స్ బోర్డులు పట్టుకోండి. రిడ్జ్ రోడ్ మీదికి వచ్చాక పీటర్ ఐరెడేల్ రోడ్ అనే పేరుతోనే దారి ఉంది, అది నేరుగా బీచ్ పార్కింగ్‌కు తీసుకెళ్తుంది. మొత్తం రెండు గంటలు వేసుకోండి. వేసవి శనివారాల్లో సీసైడ్ దగ్గర బండ్లు బారులు తీరతాయి, అందుకు ఇంకో అరగంట.

కొండల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాప్, ఆటుపోట్ల పట్టిక ఇంటి దగ్గరే ఫోన్‌లోకి దించుకోండి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ కనుమలో మంచు, గడ్డకట్టిన రోడ్డు ఉండొచ్చు. రాష్ట్ర రవాణాశాఖ ట్రిప్‌చెక్ సైటులో రోడ్డు కెమెరాలు చూసి బయలుదేరండి.

కారు లేకుండా వెళ్లగలమా?

పోర్ట్‌లాండ్ యూనియన్ స్టేషన్ నుంచి సీసైడ్, వారెన్‌టన్ మీదుగా ఆస్టోరియాకు నార్త్‌వెస్ట్ పాయింట్ బస్సు ఉంది. అది ఓడ దాకా పోదు, మిగతా మైళ్లకు మళ్లీ బండి చూసుకోవాలి. బస్సు వేళ ఆటు వేళకు కలవడం అరుదు. నలుగురు కలిసి కారు అద్దెకు తీసుకోవడమే నయం.

ఏం వేసుకోవాలి?

గాలి చొరబడని జాకెట్, చెవులు కప్పే టోపీ ఏ నెలలోనైనా. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు మంకీ క్యాప్ పెట్టండి, ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. కాళ్లకు మడమ పట్టే బూట్లు. చెప్పులు ఇసుకలో జారతాయి, ఓడ చుట్టూ ఇసుక కింద పదునైన ఇనుము ఉంటుంది, వట్టి కాళ్లతో అసలు తిరగకండి. కారులో ఒక్కొక్కరికి ఒక జత పొడి సాక్సులు, ప్యాంటు, పాత తువ్వాలు ఉంచండి.

తిండి ఎక్కడ తినాలి?

ఓడ దగ్గర కొట్టు లేదు. పులిహోర, చపాతీలు కట్టుకెళ్తే మంచిదే కానీ బీచ్ మీద విప్పకండి, గాలికి ఇసుక పడి ముద్ద నోట పెట్టలేరు. పార్కులోనే కాఫెన్‌బరీ సరస్సు పక్కన చెట్ల మధ్య బల్లలు ఉన్నాయి, అక్కడ తినొచ్చు. మరిచిపోయినవి కొనుక్కోవడానికి వారెన్‌టన్‌లో ఫ్రెడ్ మేయర్, కాస్ట్‌కో ఉన్నాయి. పిల్లలకు బాత్రూం పని కూడా అక్కడే ముగించుకు రండి.

మా నాన్నగారికి మోకాళ్ల నొప్పి. ఓడ దాకా నడవగలరా?

పార్కింగ్ నుంచి దూరం తక్కువే, కష్టమంతా మధ్యలోని ఇసుక దిబ్బ దగ్గర. అక్కడ ఇసుక పొడిగా, వదులుగా ఉండి కాలు దిగబడుతుంది. దిబ్బ దాటి తడి ఇసుక మీదికి చేరితే సిమెంటు బాటలా గట్టిగా ఉంటుంది. చేతికర్ర అడుగున వెడల్పాటి రబ్బరు బిళ్ల ఉంటే దిగబడదు. మామూలు చక్రాల కుర్చీ ఆ ఇసుకలో కదలదు. దిగలేనివాళ్లు దిబ్బ మీద మడత కుర్చీ వేసుకుని కూర్చున్నా ఓడ కనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు ఉంటుందని గుర్తుంచుకుని, ఓపిక సగం మిగిలి ఉండగానే వెనుదిరగమనండి.

## ఓడ దగ్గర

ఓడ మీదికి ఎక్కి ఫొటో దిగొచ్చా?

ఎక్కకండి, పిల్లలను ఎక్కించకండి. బయటికి లావుగా కనిపించే దూలం లోపల పొరలు పొరలుగా విడిపోయి ఉంటుంది, మనిషి బరువు పడితే ఎప్పుడు ఊడుతుందో తెలియదు. అంచులు కత్తిలా ఉంటాయి. కింది భాగాన అంటుకున్న బార్నకిల్స్ అనే పదునైన గుల్లలు చర్మాన్ని చీరేస్తాయి.

మనకు దెబ్బ తగలడం ఒకటే సమస్య కాదు. ఇనుము మీద గట్టిపడిన తుప్పు పొర కొంతవరకు లోపలి లోహానికి కవచంలా ఉంటుంది. కాలు ఆనిన చోట ఆ పొర రాలి కొత్త ఇనుము ఉప్పుగాలికి తగులుతుంది. ఇలా ఒక్కొక్కరూ కాలు పెడుతూ పోతే ఉన్న కాస్తా కరిగిపోతుంది. పక్కన నిలబడి దిగినా ఫొటో బాగానే వస్తుంది.

ఓడ మొదట్లో నిలిచిన నీటి గుంటల్లో పిల్లలు ఆడుకోవచ్చా?

వద్దు. అలలు ఇనుమును కొట్టి సుడి తిరిగేటప్పుడు దాని మొదట్లో ఇసుకను తవ్వేస్తాయి. పైకి చీలమండ లోతనిపించే గుంట నడుము లోతు ఉండొచ్చు, అడుగున ఇనుప ముక్కలు ఉండొచ్చు. ఇసుకతో ఆడుకోవాలంటే ఓడకు దూరంగా, దిబ్బ వైపు కూర్చోబెట్టండి.

ఉన్నట్టుండి పెద్ద అల వస్తుందంటారు. అది నిజమేనా?

నిజమే. ఇక్కడివాళ్లు స్నీకర్ వేవ్ అంటారు. పది, పదిహేను నిమిషాలు అలలు ఒకే గీత దగ్గర ఆగుతుంటాయి. ఆ తర్వాత ఒకటి ఆ గీత దాటి చాలా లోపలికి పరుగెత్తుకొస్తుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఎక్కువ. నీళ్లతో పాటు ఇసుక కూడా కొట్టుకొస్తుంది కాబట్టి బట్టలు బరువెక్కి లేవలేరు. ఒడ్డున పడున్న దుంగలు అంగుళాల లోతు నీటికే దొర్లుతాయి, మనిషి కింద పడితే నలిగిపోతాడు.

బీచ్‌లోకి దిగగానే కొంతసేపు ఊరికే నిలబడి సముద్రాన్ని గమనించండి, తడి ఎంతదాకా ఉందో చూడండి. సముద్రానికి వీపు పెట్టకండి. ఫొటో తీసేటప్పుడు ఒకరు కెమెరా వైపు, ఒకరు సముద్రం వైపు చూస్తుండాలి. దుంగల మీద కూర్చోకండి. అయిదేళ్లలోపు పిల్లల చెయ్యి వదలొద్దు.

నీళ్లలో దిగి స్నానం చెయ్యొచ్చా?

మన తీరంలో చేసినట్టు ఇక్కడ కుదరదు. నీరు ఏడాదంతా చల్లనే, చాలా నెలలు 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఆ చల్లదనానికి మొదటి నిమిషంలోనే ఊపిరి ఎగబీలుస్తుంది, ఈత వచ్చినవాళ్లకు కూడా. ఓడ పక్కన నీటి లాగుడు ఎక్కువ. కాళ్లు తడుపుకోవడంతో ఆపండి.

చిన్న తుప్పు ముక్క గుర్తుగా తెచ్చుకోవచ్చా?

తేకూడదు. ప్రభుత్వ భూమిలో ఉన్న చారిత్రక వస్తువులను అనుమతి లేకుండా తీయడం ఒరెగాన్ చట్టం ప్రకారం నేరం. ఓడ చుట్టూ తవ్వడం కూడా వద్దు.

చీరల్లో ఫొటోషూట్ చేద్దామనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?

పట్టు వద్దు, ఉప్పునీటి చుక్కలు మరకలు కడతాయి. జార్జెట్, షిఫాన్ లాంటివి గాలికి ఎగిరి బాగుంటాయి, కొంగుకు ఇంకో రెండు పిన్నులు పెట్టండి. కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండేలా కట్టుకోండి. తడిసిన చీరతో పరుగెత్తలేరు, ఉన్నట్టుండి అల వస్తే అదే పెద్ద ప్రమాదం.

నీరు అప్పుడే వెనక్కి పోయిన ఇసుక అద్దంలా ఉండి ఓడ నీడ అందులో పడుతుంది, అది కొద్ది క్షణాలే. సూర్యుడు పడమట ఉన్నప్పుడు దిబ్బ వైపు నుంచి తీస్తే ఓడ నల్లని ఆకారంలా వస్తుంది. తుప్పు రంగు కావాలంటే సముద్రం వైపు నుంచి తీయాలి, అది నీరు బాగా దిగినప్పుడే. ట్రైపాడ్ కాళ్లు తడి ఇసుకలో కుంగుతాయి, ముందే గట్టిగా నొక్కి పెట్టండి. ఇంటికెళ్లాక లెన్సు మీది ఉప్పును పొడిగుడ్డతో రుద్దకండి, కొద్దిగా తడిపిన గుడ్డతో అద్దండి. పొడిగా రుద్దితే గీతలు పడతాయి.

కారు బీచ్ మీదికి తీసుకెళ్లొచ్చట కదా?

ఈ తీరంలో కొన్ని మైళ్లు చట్టప్రకారం అనుమతి ఉంది, వేగం గంటకు 25 మైళ్లు మించకూడదు. ఓడకు ఉత్తరాన ఉన్న భాగంలో మే 1 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి అర్ధరాత్రి వరకు బండ్లు నిషేధం. దిగే చోట బోర్డు చదవండి.

అనుమతి ఉందని దిగిపోకండి. కామ్రీ, సియెన్నా లాంటి మామూలు బండ్లు దిబ్బ దగ్గరి వదులు ఇసుకలోనే దిగబడతాయి. అద్దె కార్ల ఒప్పందాల్లో బీచ్ మీద నడపడం సాధారణంగా నిషేధం. ఫోర్-వీల్-డ్రైవ్ ఉన్నవాళ్లు కూడా టైర్లలో గాలి 20 పీఎస్ఐ చుట్టూ తగ్గించి, నీరు దిగుతున్న వేళ, తడిసి గట్టిపడిన ఇసుక మీదే నడపాలి. ఓడ పార్కింగ్‌కు అంత దగ్గర్లో ఉండగా ఇదంతా అనవసరం.

అక్కడ జనం ఇసుకలో ఏదో తవ్వుతుంటారు. మేం కూడా తవ్వొచ్చా?

వాళ్లు తవ్వేది రేజర్ క్లామ్ అనే పొడవాటి ఆల్చిప్పలను. 12 ఏళ్లు, ఆపైవారికి లైసెన్సు తప్పనిసరి. ఒకరికి రోజుకు మొదట తీసిన 15 మాత్రమే, చిన్నవి విరిగినవి కూడా లెక్కలోకే వస్తాయి. జూలై 15 నుంచి సెప్టెంబరు 30 దాకా ఈ తీరంలో మూసివేత. డొమాయిక్ ఆమ్లం అనే విషం ఎక్కువైతే మధ్యలోనూ ఆపేస్తారు, అది వండినా పోదు. వెళ్లే రోజు ప్రభుత్వ హెచ్చరిక చూడకుండా తవ్వకండి.

## ఏదైనా తేడా వస్తే

కారు ఇసుకలో దిగబడితే?

యాక్సిలరేటర్ తొక్కకండి, చక్రం తిరిగినకొద్దీ కిందికే పోతుంది. అందరినీ దించండి. చక్రాల ముందూ వెనకా ఇసుక తోడి, టైర్లలో గాలి తగ్గించి, కారులోని మ్యాట్లు చక్రాల కింద వేసి, వచ్చిన దారిలోనే మెల్లగా వెనక్కి తీయండి. రెండు ప్రయత్నాల్లో రాకపోతే ఆపి టోయింగ్ బండిని పిలవండి. నీరు పోటెక్కుతుంటే కారు సంగతి వదిలేసి మనుషులు దిబ్బ మీదికి వెళ్లిపోవాలి.

ఇనుము గీరుకుంటే?

కారులోని మంచినీళ్లతో ఇసుక పోయేదాకా కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి కట్టండి. ఇలాంటి మురికి గాయానికి టెటనస్ టీకా వేయించుకుని అయిదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. లోతుగా తెగితే ఆస్టోరియాలో ఆసుపత్రి ఉంది. ఇండియా నుంచి వచ్చినవాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు వెంట ఉంచుకోండి.

ఎవరినైనా అల లాక్కుపోతే?

వెనకాలే దూకకండి, రక్షించబోయినవాళ్లు కూడా పోతారు. 911కు ఫోన్ చేసి "పీటర్ ఐరెడేల్ ఓడ, ఫోర్ట్ స్టీవెన్స్" అని చెప్పండి. ఒకరు ఆ మనిషి మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చూపిస్తూ నిలబడాలి. మూత బిగించిన ఖాళీ డబ్బా, ఐస్ బాక్సు, ఏదైనా తేలేది విసరండి.

భూమి కంపిస్తే?

సైరన్ కోసం ఆగకండి. గట్టిగా, ఎక్కువసేపు కంపిస్తే అదే సునామీ హెచ్చరిక. కంపనం ఆగగానే సునామీ దారి చూపే బోర్డుల వెంట లోపలికి, ఎత్తుకు వెళ్లాలి. ఈ పార్కు చాలావరకు పల్లం. దిగగానే బోర్డు ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. 2004 డిసెంబరు 26న మన తీరంలో సముద్రం ఎలా లోపలికి వచ్చిందో పెద్దవాళ్లకు గుర్తే, వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

## అంత దూరం వెళ్లాక

ఈ ఓడ దగ్గర జపాన్ జలాంతర్గామి కాల్పులు జరిపిందని విన్నాం. నిజమా?

కాల్పులు ఓడ మీద కాదు, ఫోర్ట్ స్టీవెన్స్ మీద. 1942 జూన్ 21 రాత్రి ఐ-25 అనే జపాన్ జలాంతర్గామి తీరానికి వచ్చి 17 గుళ్లు పేల్చింది. కోట దీపాలు ఆర్పేసి, తమ చోటు తెలియకుండా ఉండటానికి ఎదురుకాల్పులు జరపలేదు. చెప్పుకోదగ్గ నష్టం కలగలేదు. ఆ తర్వాత ఈ బీచ్ పొడవునా ముళ్లకంచె వేశారు, యుద్ధం ముగిసేదాకా ఓడ ఆ కంచెలోనే ఉండిపోయింది. అప్పటి ఫిరంగుల స్థావరం బ్యాటరీ రసెల్ ఓడకు కొద్ది నిమిషాల దూరంలో ఉంది, లోపల తిరగొచ్చు. గదులు చీకటి, టార్చి తీసుకెళ్లండి. పైన అంచులకు అన్నిచోట్లా కటకటాలు లేవు, పిల్లలు జాగ్రత్త.

ఒక్కరోజులో ఏమేం చూడొచ్చు?

వేసవిలో పొద్దున ఆటు వేళకు ముందు ఓడ, తర్వాత బ్యాటరీ రసెల్, సరస్సు దగ్గర భోజనం. మధ్యాహ్నం ఆస్టోరియాలోని కొలంబియా రివర్ మారిటైమ్ మ్యూజియం. ఈ నది ముఖద్వారం ఎందుకు ఇన్ని ఓడలను మింగిందో, లైఫ్‌బోట్లు ఎలా పనిచేస్తాయో అక్కడ చూశాక ఇసుకలో చూసిన ఇనుముకు అర్థం తెలుస్తుంది. దానికి రెండు గంటలైనా ఇవ్వండి. కాళ్లలో సత్తువ ఉంటే ఆస్టోరియా కాలమ్, 164 మెట్లు. చలికాలంలో ఈ వరస తిరగేయండి: మ్యూజియం ముందు, ఓడ సాయంత్రానికి. క్యానన్ బీచ్ కూడా ఇదే రోజులో ఇరికించాలని చూస్తే దేనికీ న్యాయం జరగదు.

రాత్రి పార్కులోనే ఉండొచ్చా?

ఉండొచ్చు. ఇది దేశంలోని పెద్ద క్యాంపు మైదానాల్లో ఒకటి. గుడారాలకు చోట్లతో పాటు గుండ్రటి గుడారపు గదుల్లాంటి యర్ట్‌లు, క్యాబిన్‌లు ఉన్నాయి. పెద్దవాళ్లుంటే యర్ట్ తీసుకోండి, మంచాలు, హీటరు ఉంటాయి, పక్కబట్టలు మీవే. ఆరు నెలల ముందు నుంచి బుకింగ్ తెరుస్తారు, వేసవి వారాంతాలు త్వరగా నిండిపోతాయి. అక్కడే ఉంటే పొద్దున్నే వచ్చే ఆటుకు పరుగులు పెట్టనక్కర్లేదు.

పిల్లలు పెద్దయ్యేదాకా ఈ ఓడ ఉంటుందా?

ఉంటుంది, ఇప్పుడున్నట్టు మాత్రం ఉండదు. ఎప్పుడూ ఇసుకలో కప్పబడి ఉండే భాగానికి గాలి తగలదు కాబట్టి అది చాలాకాలం నిలుస్తుంది. తడుస్తూ ఆరుతూ ఉండే భాగాన్నే తుప్పు వేగంగా తింటుంది, మనం చూడగలిగేది కూడా ఆ భాగమే. పాత ఫొటోలు పక్కన పెట్టుకుని చూస్తే ముందుభాగం ఎంత పలచబడిందో తెలుస్తుంది. ఏటా ఒకే చోట నిలబడి, ఒకే కోణంలో, ఆటు ఎత్తు రాసిపెట్టుకుని ఒక ఫొటో తీయండి. ఏ ఊచ ఇసుకలో దాక్కుందో, ఏది నిజంగా పోయిందో అలా అయితేనే తేడా తెలుస్తుంది.